ప్రీమియం జీతం కాదు

ఆఫీసులో ఆమెను కొర్రీల మేడం అంటారు. బీమా కంపెనీ క్లెయిముల విభాగంలో ఇరవై రెండేళ్ళ సర్వీసు. కాలిపోయిన గోదాములు, నీళ్ళలో మునిగిన కార్లు, కూలిన ప్రహరీలు అన్నీ కాగితాలై చివరికి ఆమె బల్ల మీదికి చేరతాయి. మంట మొదట చూసిందెవరు, ఆ వేళప్పుడు అతనక్కడ ఎందుకున్నాడు, నీళ్ళు ఏ మెట్టు దాకా వచ్చాయి అని పెన్సిలుతో ఒక్క కొర్రీ అయినా వేయకుండా ఏ ఫైలూ పైకి పంపదు. ఆమె ఎదురుగా కూర్చుంటే నిజాయితీపరుడికి కూడా గొంతు తడారిపోతుందని పక్క సెక్షన్ వాళ్ళు నవ్వుకుంటారు.

ఇంట్లో మాత్రం ఆమె అక్క. మనకీ అక్కే అనుకుందాం. పెళ్ళి చేసుకోలేదు. అదొక వేరే కథ, ఇక్కడ అక్కర్లేదు. కింది వాటాలో నాన్న, తమ్ముడు, తమ్ముడి భార్య ఉంటారు. పైన ఒక గదీ, చిన్న వంటిల్లూ అక్కవి. మధ్యలో బయటి నుంచి ఇనప మెట్లు. పొద్దున కాఫీకి, ఆఫీసు నుంచి వచ్చాక కబుర్లకి ఆ మెట్లు దిగకపోతే ఆమెకు తోచదు.

నాన్న ముప్ఫై మూడేళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరయ్యాడు. ఒక్క మనిషికి, ఒక్క కుక్కకి కూడా దెబ్బ తగలనివ్వలేదని ఆయనకు గొప్ప గర్వం. ఇప్పటికీ ఎవరి కారులోనైనా కూర్చుంటే ఆయన కుడికాలు లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది. తమ్ముడు అక్క కంటే ఎనిమిదేళ్ళు చిన్న. అట్టపెట్టెలు తయారుచేసే ఫ్యాక్టరీలో పెట్టెల డిజైన్లు గీసేవాడు. సబ్బుకో పెట్టె, బల్బుకో పెట్టె. వస్తువును చేతిలోకి తీసుకుంటే చాలు, దానికి అట్ట ఎక్కడ మడవాలో చెప్పేసేవాడు. ఫ్యాక్టరీని వేరే ఊరికి మార్చారు. అతను వెళ్ళలేదు. లెక్క చూసి చేతిలో పది లక్షలు పెట్టి పంపేశారు.

మూడు నెలలు అతను ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటూ కూర్చున్నాడు. నాలుగో నెలలో హాలు మూలన చిన్న బల్ల వెలిసింది. దాని మీద ఒకటి కాదు, రెండు కంప్యూటర్ తెరలు. ఇంట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఒక శుక్రవారం అక్క ఆఫీసు నుంచి వచ్చేసరికి తమ్ముడి మొహం వెలిగిపోతోంది.

"అక్కా, ఈ వారం నాలుగున్నర వేలు. కూర్చున్నచోటు నుంచి లేవకుండా!"

"దేనికిచ్చారు?"

"భయానికి," అని నవ్వాడు. తర్వాత కుర్చీ లాగి కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పాడు. "చూడు, మార్కెట్ సూచీ ఇప్పుడు ఇరవై వేల దగ్గరుంది. వచ్చే గురువారానికి అది పంతొమ్మిది వేల రెండొందల కంటే కిందికి పడుతుందేమోనని కొందరు భయపడుతుంటారు. షేర్లున్నవాళ్ళకి ఉంటుందిగా ఆ భయం. వాళ్ళు నాకు ఇంత అని డబ్బిస్తారు. గురువారం దాకా పడకపోతే ఆ డబ్బు నాది. దీన్నే ఆప్షన్ అమ్మడం అంటారు."

"పడితే?"

"పడితే ఎంత పడిందో అంత నేను వాళ్ళకిచ్చుకోవాలి. కానీ పడదక్కా. నాలుగైదు రోజుల్లో అంత లోతుకి పడటం ఈ ఐదేళ్ళలో మూడంటే మూడుసార్లు. నేను వెనక్కెళ్ళి ప్రతి వారం చూశాను."

అక్క రెండు తెరల వంకా చూసింది. ఎర్ర అంకెలు, పచ్చ అంకెలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఆ కొత్త సరంజామా వెనక ఉన్నది తను రోజూ చూసే పాత వ్యవహారమేనని ఆమెకు రెండు నిమిషాల్లో తట్టింది.

"ఒరే, ఇది ఇన్సూరెన్సు రా," అంది. "వాళ్ళు నీ దగ్గర పాలసీ కొంటున్నారు. నువ్వు ప్రీమియం పుచ్చుకుంటున్నావు."

"మంచిదేగా మరి! మీ కంపెనీ అద్దాల మేడ కట్టింది ప్రీమియంతోనే కదా?"

మాటకు మాట అప్పజెప్పడంలో అతను చిన్నప్పటి నుంచీ గట్టివాడే. అక్క ఊరుకోలేదు. తన సర్వీసులో తొమ్మిదో ఏట వచ్చిన వరదల సంగతి చెప్పింది. కాలువ గట్టు తెగి ఒక్క రాత్రిలో పారిశ్రామికవాడ అంతా నడుముల్లోతు నీళ్ళలో మునిగింది. ఎనిమిదేళ్ళు ఆ వాడ నుంచి వసూలైన ప్రీమియం మొత్తం ఒక్క వారంలో క్లెయిములకి పోయింది, అది చాలక ఇంకా పోయింది.

"అయినా మా కంపెనీ నిలబడింది. ఎందుకో తెలుసా? వచ్చిన ప్రీమియంలో సగం ముట్టుకోకుండా పక్కన పెడతారు. పైగా మా కంపెనీ కూడా ఇంకో పెద్ద కంపెనీ దగ్గర ఇన్సూరెన్సు చేయించుకుంటుంది. మా వెనక వాళ్ళున్నారు. నీ వెనక ఎవరున్నారు?"

"నువ్వున్నావుగా!" అని తమ్ముడు పకపకా నవ్వాడు. వంటింట్లోంచి మరదలూ నవ్వింది. అక్కకి కూడా నవ్వాగలేదు. ఆ రోజుకి ఆ మాట అలా తేలిపోయింది.

అయితే కొర్రీల మేడం అంత తేలిగ్గా ఫైలు మూసే మనిషి కాదు. తనకు సగం తెలిసిన విషయం మీద వాదించడం ఇష్టంలేక, ఎక్కడో ఆదివారం తరగతులు జరుగుతున్నాయని తెలిసి చేరింది. మందుల దుకాణం పైన ఒక పొడవాటి గది, పాతిక ప్లాస్టిక్ కుర్చీలు, ఒక తెల్లబోర్డు. చెప్పేది ఒక ముసలాయన, ఒకప్పుడు షేర్ల బ్రోకరు. అందరూ ఆయన్ను మాస్టారు అనేవాళ్ళు. షేరంటే ఏమిటి, బాండంటే ఏమిటి, మ్యూచువల్ ఫండులో మన డబ్బు ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి పోతుంది అన్నీ ఆరు ఆదివారాల్లో చెప్పాడు. మిగతావాళ్ళు ఏ షేరు కొనాలో చెప్పమని పీడించేవాళ్ళు. అక్క మాత్రం నోటుపుస్తకం నిండా రాసుకుని, చివర్లో నిలబడి ప్రశ్నలు వేసేది.

"సూచీకి బాగా దిగువన ఆప్షన్లు అమ్మేవాళ్ళు వారం వారం గెలుస్తూనే ఉంటారు కదండీ, మరి వాళ్ళకి ప్రమాదం గురించి ఎలా చెప్పాలి?" అని అడిగింది ఒకసారి.

మాస్టారు బోర్డు తుడుస్తూ తల అడ్డంగా ఊపాడు. "చెప్పలేమమ్మా. నేను చాలామందికి చెప్పి చూశాను. వాళ్ళు వేసిన లెక్క తప్పు కాదు, అదీ చిక్కు. నూటికి తొంభై ఏడుసార్లు వాళ్ళే కరెక్టు. మిగతా మూడుసార్లూ ఎప్పుడొస్తాయో నాకూ తెలీదు. తెలీని తేదీ చెప్పి ఎవర్ని భయపెడతాం?"

ఆ ఆదివారం ఇంటికొచ్చి అక్క కాగితం మీద బొమ్మ గీసి మరీ తమ్ముడికి చెప్పింది. "వచ్చేది ఇంతే అని గీత గీసేసి ఉంది. పోయేదానికి గీత లేదు. చూడు." అతను శ్రద్ధగా విన్నాడు. విని, "అందుకే స్టాప్‌లాస్ పెడతానక్కా. ఆరు రూపాయలకి అమ్మింది పద్దెనిమిదికి పోయిందనుకో, వెంటనే దానంతటదే తిరిగి కొనేసి నన్ను బయటపడేస్తుంది. నష్టానికి కూడా గీత ఉంది," అన్నాడు. ఆ వారమూ గెలిచాడు. ఆ పై వారమూ గెలిచాడు.

ఆరు నెలలు గడిచాయి. ఇంట్లోకి కొత్త వాషింగ్ మెషీను వచ్చింది. నాన్నకి కళ్ళజోడు మారింది. మరదలు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. రోజంతా జనం మోకాళ్ళు వంచీ సాచీ అలసిపోయి వచ్చేది. భర్త ఉద్యోగం పోయిన రోజుల్లో ఆమె కళ్ళ కింద పడిన నల్లచారలు మెల్లగా పోయాయి. అక్క ఆఫీసు వాళ్ళకి కూడా సంగతి తెలిసిపోయి, "మీ తమ్ముడి దగ్గర నాలుగు మెళకువలు చెప్పించండి మేడం," అని వెంటపడ్డారు.

అప్పుడు నాన్న రిటైర్మెంటు డబ్బు డిపాజిట్ గడువు తీరింది. ముప్ఫై లక్షలు.

ఒక శనివారం మధ్యాహ్నం ఆయన మెట్ల దగ్గర నిలబడి పైకి కేకేశాడు. "తల్లీ, ఓసారి కిందికి రా. కాగితాలున్నాయి."

డైనింగ్ టేబుల్ మీద ఖాతా తెరిచే ఫారాలు పరిచి ఉన్నాయి. నాన్న తన డబ్బంతా ఒక ఫండులో పెట్టి, దాన్ని తమ్ముడు చేసే వ్యాపారానికి బ్రోకరు అడిగే పూచీగా చూపిస్తాడట. ఫండు వడ్డీ ఫండుకి వస్తుంది, దాని మీద తమ్ముడి సంపాదనా వస్తుంది. ఒకే డబ్బు రెండు చేతులా పని చేస్తుంది. తమ్ముడు చెప్పిన దాంట్లో అబద్ధం లేదు.

"ఈ చిన్న అక్షరాలు నాకు ఆనడం లేదు. నువ్వు చదివి వినిపించు," అన్నాడు నాన్న.

అక్క చదివింది. ఈ రకం వ్యాపారం చేసేవాళ్ళలో ఎక్కువమంది నష్టపోతున్నారని, నష్టం పెట్టిన డబ్బును మించిపోవచ్చని, పూచీ చాలకపోతే ముందుగా చెప్పకుండానే బ్రోకరు లావాదేవీలు ముగించవచ్చని. ఒక్కొక్క వాక్యం ఆగి ఆగి, రెండేసిసార్లు చదివింది. క్లెయిము తోసిపుచ్చే ఉత్తరం కూడా ఆమె ఎప్పుడూ అంత గట్టిగా చదవలేదు.

నాన్న గడ్డం రుద్దుకున్నాడు. "ఏరా, ఎక్కువమంది నష్టపోతారంటున్నారే?"

"వాళ్ళు కొనేవాళ్ళు నాన్నా. మనం అమ్మేవాళ్ళం. వాళ్ళకి పోయేదే మనకి వచ్చేది."

నాన్న అక్క వంక చూశాడు. "నిజమేనా?"

కాదనడానికి లేదు. చాలావరకు నిజమే. "నిజమే గానీ నాన్నా..." అని మొదలుపెట్టి, వరదల సంగతి, గీత సంగతి, పోయేరోజు ఒకేసారి పోతుందన్న సంగతి అంతా చెప్పింది. నాన్న అంతా విని తాపీగా అన్నాడు. "నేను రోజూ అరవైమందిని ఎక్కించుకుని రోడ్డు మీదికెళ్ళేవాణ్ణి. ఏదైనా జరగొచ్చని ప్రతి పొద్దునా తెలుసు. అలాగని బస్సు డిపోలో పెట్టుకు కూర్చోలేదుగా? ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిపితే ఏమీ కాదు. వీడు ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేస్తున్నాడు, నేను చూస్తున్నాను."

"నీ డబ్బు నాన్నా, నీ ఇష్టం. నాకు మాత్రం వద్దనిపిస్తోంది."

"నీకు ఏది చూసినా వద్దనే అనిపిస్తుందిలే," అన్నాడు ఆయన, ముద్దుగానే. సంతకం పెట్టేశాడు.

ఇక నుంచి వారానికి పద్దెనిమిది వేలు. డ్రైవరుగా చివరి రోజుల్లో కూడా నాన్న అంత చూడలేదు. ప్రతి శుక్రవారం తమ్ముడు అమ్మేవాడు. ప్రతి గురువారం సాయంత్రానికి ఆ డబ్బు అతనిదయ్యేది. గురువారం మూడున్నరకి అక్క ఆఫీసులో ఫోను తీసి సూచీ ఎక్కడ ముగిసిందో చూసుకునేది. అది కింద పడలేదని తెలిశాక, తమ్ముడు క్షేమంగా ఉన్నాడని తెలిశాక, లోపల సన్నగా ఏదో చప్పబడిపోయేది. మొదట అదేమిటో ఆమెకు అర్థం కాలేదు. ఒక గురువారం లిఫ్టు కోసం నిలబడి ఉండగా అర్థమైంది. తన మాట నెగ్గడం కోసం తమ్ముడు మునగాలని తనలో ఏదో ఎదురు చూస్తోంది. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. ఆ తర్వాత గురువారాలు ఫోను చూడటం మానేసింది. ఇంట్లో ఆ ఊసెత్తడమూ మానేసింది. ఏడాది పైన అలా నడిచింది.

ఒక ఆదివారం పొద్దున పదింటికి ఆమె బట్టలు ఆరేస్తుంటే మరదలు మెట్లెక్కి వచ్చింది. ఎప్పుడూ పై వాటాకి పరిగెత్తి వచ్చే మనిషి కాదు.

"వదినా, ఒకసారి రండి. ఆయన టీవీ ముందు నుంచి లేవడం లేదు, పలకడం లేదు."

టీవీలో ఎక్కడో దూరాన రాజుకున్న యుద్ధం గురించి చెబుతున్నారు. నౌకలు, పొగ, మ్యాపు మీద బాణం గుర్తులు. సెలవు లేని దేశాల మార్కెట్లు అప్పటికే దొర్లిపోతున్నాయని కింద అక్షరాలు పరిగెత్తుతున్నాయి. తమ్ముడు సోఫా అంచున కూర్చుని ఉన్నాడు. నాన్న పక్కన నిలబడి, ఎవరికో జబ్బు చేసినట్టు కొడుకు భుజం మీద చెయ్యి వేశాడు.

"అక్కా, మొన్న శుక్రవారం అమ్మినవన్నీ అలాగే ఉన్నాయి," అన్నాడు తమ్ముడు.

"ఇప్పుడు తిరిగి కొనేసి బయటపడలేవా?"

"ఇవాళ ఆదివారం. మార్కెట్ మూసి ఉంది."

ఆ సంగతి ఆమెకు తెలుసు. అయినా ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది. రేపు పొద్దున తొమ్మిదింపావు దాకా ఈ ఇంట్లో ఎవరూ చేయగలిగింది ఏమీ లేదు. ఎంత పడుతుందో దాదాపు తెలిసిపోతోంది, పడేలోపు తప్పుకునే దారి మాత్రం లేదు. స్టాప్‌లాస్ సంగతి అడగబోయి ఆగిపోయింది. ధర మెట్టుమెట్టుగా పెరిగితేనే అది అడ్డుపడుతుంది. ఒక్క గెంతులో దాటేస్తే దాని పని లేదు. ఇది మాస్టారు ఐదో ఆదివారం చెప్పిన పాఠం. నోటుపుస్తకంలో కింద గీత గీసి మరీ రాసుకుంది.

ఆ పగలంతా ఎలా గడిచిందో ఎవరికీ గుర్తులేదు. నాన్న కుర్చీ వేసుకుని ఫ్యాను రెక్కలు తుడిచాడు. మరదలు ఎవరూ తినని అన్నం వండింది. తమ్ముడు నాలుగైదుసార్లు లేచి ఆ రెండు తెరలూ ఆన్ చేశాడు, శుక్రవారం అంకెలే కదలకుండా కనిపిస్తే ఆపేశాడు. "సాయంత్రానికి సర్దుకుంటుందేమోలే," అని నాన్న ప్రతి గంటకీ అన్నాడు. "అవునవును," అని అక్క ప్రతిసారీ అంది.

సోమవారం ఆమె ఆఫీసుకి ఫోను చేసి పూట సెలవడిగింది. తొమ్మిదింటికే నలుగురూ ఆ చిన్న బల్ల చుట్టూ చేరారు. తమ్ముడు స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు, ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా.

తొమ్మిదింపావుకి అంకెలు కదిలాయి. శుక్రవారం ఇరవై వేల దగ్గర ముగిసిన సూచీ పద్దెనిమిది వేల నాలుగొందల దగ్గర తెరుచుకుంది. ఆరు రూపాయలకి అమ్మిన ఆప్షను ధర ఎనిమిదొందల పది చూపించింది. కళ్ళు మూసి తెరిచేలోపు ఎనిమిదొందల తొంభై. స్టాప్‌లాస్ పెట్టిన పద్దెనిమిది అన్న అంకె దారిలో ఎక్కడా రానేలేదు.

"అక్కా, ఏం చేయను? ఇప్పుడు కొనేసి బయటపడనా, ఉంచనా?" తమ్ముడు మౌసు పట్టుకుని ఆమె వైపు తిరిగాడు. "చెప్పక్కా. నీకు తెలుసుగా ఇదంతా. మొదట్నుంచీ చెప్పావుగా!"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే అడిగాడు. నాన్న కూడా ఆమె వంకే చూశాడు. మరదలూ చూసింది. ఏడాదిన్నరగా ఆమె మాట వినని ఇల్లంతా ఇప్పుడు ఆమె నోటి వంక చూస్తోంది.  ఇలాంటి రోజు వస్తుందని ఆమెకు తెలుసు. వచ్చాక ఇక్కడి నుంచి ఇంకా పడుతుందో, లేస్తుందో ఆమెకే కాదు, ఎవరికీ తెలీదు. బయటపడమంటే పోయింది ఖాయమవుతుంది. ఉంచమంటే ఉన్నదీ పోవచ్చు.

"తెలీదు రా," అంది. మళ్ళీ గట్టిగా అనాల్సి వచ్చింది. "నాకు తెలీదు."

"ఏదో ఒకటి చెప్పమ్మా!" అన్నాడు నాన్న. ఆయన కుడి పాదం నేలను అదిమి పట్టి ఉంది.

తొమ్మిది ముప్ఫైకి బ్రోకరు దగ్గర్నుంచి ఫోనుకి సందేశం వచ్చింది. పూచీ చాలడం లేదు, వెంటనే డబ్బు జమ చేయండి. తమ్ముడు వాళ్ళ నంబరుకి ఫోను చేశాడు. మీ కాల్ మాకెంతో ముఖ్యం అంటూ ఒక ఆడగొంతు పాట మధ్యలో చెబుతూ పోయింది. అక్క తన బ్యాంకు ఖాతాలోంచి ఉన్న నాలుగు లక్షలూ పంపబోయింది. డబ్బు అందుకునేవాళ్ళ వివరాలు కొత్తవి కాబట్టి ముప్ఫై నిమిషాలు ఆగమంది బ్యాంకు యాప్.

ఆగేంత టైము లేకపోయింది. పది నిమిషాలు గడిచాయో లేదో, తమ్ముడి చెయ్యి మౌసు మీద ఉండగానే, తెర మీది వరసలు పైనుంచి ఒక్కొక్కటిగా సున్నా అవుతూ వచ్చాయి. అతను ముట్టుకోలేదు. బ్రోకరు కంప్యూటరు తనంతట తనే అన్నిటినీ తిరిగి కొనేసింది. తొమ్మిది వందల యాభై చొప్పున. ఆరుకి అమ్మినవాటిని.

ఇరవై ఎనిమిది లక్షలు పోయాయి. మిగిలింది పన్నెండు.

"అయిపోయిందా?" అన్నాడు నాన్న.

"అయిపోయింది నాన్నా," అంది అక్క.

ఎవరూ ఏడవలేదు. మరదలు ఆసుపత్రికి టైమవుతోందని చెప్పులేసుకుంది. గుమ్మం దాకా వెళ్ళి, తిరిగొచ్చి భర్త ముందు మంచినీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళింది.

కథ అక్కడితో ఆగినా బాగుండేది. తమ్ముడికి ఒక పాఠం మిగిలేది, అక్కకి ఆ మాత్రం ఊరట మిగిలేది. కానీ మధ్యాహ్నానికి మార్కెట్ లేవడం మొదలుపెట్టింది. మంగళవారం యుద్ధం ఆగుతుందన్న వార్త వచ్చింది. బుధవారం సూచీ ఇంకా పైకి పాకింది. గురువారం మూడున్నరకి అది పంతొమ్మిది వేల మూడొందల దగ్గర ముగిసింది. అంటే తమ్ముడు ఏ గీత దాటదని పందెం కాశాడో, ఆ గీతకు వంద పైన. సోమవారం బ్రోకరు కంప్యూటరు ముట్టుకోకుండా ఉంటే, ఆ ఆప్షన్లన్నీ విలువ లేకుండా పోయి, పద్దెనిమిది వేలూ ఎప్పట్లాగే అతనివయ్యేవి.

ఆ సాయంత్రం అక్క ఇంటికొచ్చేసరికి తమ్ముడు నాలుగు రోజుల తర్వాత మొదటిసారి మాట్లాడుతున్నాడు, ఆవేశంగా.

"చూశావా అక్కా? నా లెక్క తప్పలేదు! ఇన్ని వారాల్లో ఒక్క వారం కూడా తప్పలేదు. పూచీ చాలక పోయింది గానీ, ఇంకో పదిహేను లక్షలుంటే నిలబడి ఉండేవాణ్ణి."

"నిలబడలేకపోవడమే కదరా నష్టం అంటే! మా కంపెనీకి మునిగిన ఏడాది నిలబడే స్తోమత ఉంది కాబట్టే అది ఇన్సూరెన్సు కంపెనీ. అది లేకుండా..."

"అదేగా నేనూ అంటున్నాను! స్తోమత కావాలి. తప్పు అక్కడుంది, పద్ధతిలో లేదు."

అక్క నాన్న వైపు తిరిగింది. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని ఉన్నాడు. నాలుగు రోజుల్లో మెడ దగ్గర చర్మం వదులైపోయినట్టు కనిపించాడు.

"వాడు చెప్పింది నిజమేగా తల్లీ," అన్నాడు. "గురువారానికి గీత పైనే ఉందిగా. అంటే వాడు తప్పు చేయలేదన్నమాట." ఆ మాట అంటుంటే ఆయన మొహంలో ఏదో కాస్త కుదుటపడింది. తను ముప్ఫై మూడేళ్ళ కష్టాన్ని తెలివితక్కువగా చేజార్చుకోలేదు, ఎదురుగా అడ్డదిడ్డంగా వచ్చినవాడు గుద్దేశాడు, అంతే. అక్క నోరు తెరిచి, ఆ మొహం చూసి, మూసుకుంది. ఆయన చేతుల్లోంచి దాన్ని కూడా లాగేసుకోవడానికి ఆమెకు మనసొప్పలేదు.

నెల తిరక్కుండానే నాన్న ఒక ప్రైవేటు స్కూలు వ్యానుకి డ్రైవరుగా కుదిరాడు. పొద్దున ఆరున్నరకి బయల్దేరతాడు. ఇంట్లో కూర్చుంటే కాళ్ళు పట్టేస్తున్నాయి, అందుకే వెళ్తున్నానని అందరికీ చెప్పాడు. తమ్ముడు రెండు నెలలు తెరలు ఆన్ చేయలేదు. అట్టపెట్టెల కంపెనీలు రెండింటికి వెళ్ళొచ్చాడు. ఇప్పుడు ఆ డిజైన్లు కంప్యూటరే గీస్తోందన్నారు. మూడో నెలలో మళ్ళీ బల్ల దగ్గర కూర్చున్నాడు. "ఈసారి కొంచెమే. సగానికి సగం పూచీ ఖాళీగా ఉంచుతాను," అన్నాడు. అది నిజంగానే మునుపటి కంటే మంచి పద్ధతి. 

ఒక ఆదివారం మధ్యాహ్నం మరదలు మళ్ళీ మెట్లెక్కి వచ్చింది. ఈసారి చేతిలో కొత్త నోటుపుస్తకం ఉంది.

"వదినా, నాకు నేర్పండి. ఆయన చేసేదేంటో నాకు తెలియాలి. ఆ రోజు మీరంతా ఏం మాట్లాడుకుంటున్నారో నాకు ముక్క అర్థం కాలేదు. మా ఇంట్లో సరుకు పోతోందో, ప్రాణం పోతోందో కూడా తెలీలేదు."

అక్క చాప పరిచింది. తన పాత నోటుపుస్తకం తీసింది. సూచీ అంటే ఏమిటి, కొనేవాడు ఎందుకు కొంటాడు, అమ్మేవాడికి వచ్చేదెంత, పోయేదెంత, పూచీ ఎందుకు అడుగుతారు, అది చాలకపోతే ఏమవుతుంది అన్నీ మొదటి నుంచీ చెప్పింది. మరదలు చురుకైన మనిషి. రోజూ ఏ కీలు ఎంత వంగుతుందో చూసే కళ్ళు. గంటన్నరలో పట్టేసింది. అక్క గీసిన బొమ్మను తన పుస్తకంలో మళ్ళీ గీసింది. ఒకవైపు ఆగిపోయిన గీత, ఇంకోవైపు కాగితం అంచు దాకా జారిపోయే గీత.

"అంటే ఇది మళ్ళీ జరుగుతుందన్నమాట," అంది.

"జరగొచ్చు. వచ్చే వారం కావచ్చు, నాలుగేళ్ళకి కావచ్చు."

"ఈలోపు ప్రతివారం ఆయనే కరెక్టు."

"ఊఁ."

మరదలు పెన్సిలు కింద పెట్టింది. 

"సరే వదినా. ఇంతకు ముందు మీరొక్కరే. ఇప్పుడు మనిద్దరికీ తెలుసు," అని తలెత్తింది. "ఏం చేద్దాం?"

 చేద్దాంలే, చూద్దాంలే అనడం కూడా ఆ అమ్మాయి ముందు తప్పనిపించింది అక్కకి. చెయ్యి చాపి మరదలి మోకాలి మీద వేసింది. కాసేపటికి కింద వ్యాను తాళాలు ఎక్కడ పెట్టాడో నాన్న వెతుక్కుంటున్న చప్పుడు వినిపిస్తే, మరదలు పుస్తకం మూసి దిగి వెళ్ళింది.

ఆ శుక్రవారం తమ్ముడు ఐదు కట్టల ఆప్షన్లు అమ్మాడు. గురువారం గెలిచాడు.